వెబ్ యాప్ నుంచి బొమ్మలతో వర్డ్ ఫైలు: ఎక్కడెక్కడ తేడా కొడుతుంది

హెచ్‌టీఎమ్‌ఎల్ పేజీకే 'డాట్ డాక్' అని తోక తగిలించి పంపేయడం చాలా ప్రాజెక్టుల్లో కనిపించే అడ్డదారి. వర్డ్ దాన్ని తెరుస్తుంది కూడా. బొమ్మలు మాత్రం ఫైల్లోకి రావు, లింకులుగానే ఉండిపోతాయి. లాగిన్ వెనకున్న ఫొటో అయితే ఖాళీ డబ్బాయే మిగులుతుంది. అసలైన డాక్స్ (.docx, వర్డ్ సొంత ఫైలు) తయారు చేయడమే మేలు.

డాక్స్ అంటే జిప్ ఫైలే. విప్పి చూస్తే పాఠం ఒక ఎక్స్‌ఎమ్‌ఎల్ (ట్యాగులతో రాసే టెక్స్ట్) ఫైల్లో, బొమ్మలు మీడియా ఫోల్డర్లో, రెంటినీ ఐడీలతో కలిపే రిలేషన్‌షిప్ ఫైలు వేరేగా ఉంటాయి. చేత్తో రాస్తే ఎక్కడో ఒక ఐడీ తప్పుతుంది, వర్డ్ ఫైలు పాడైందంటుంది. పైథాన్ వాడేవాళ్లకు పైథాన్-డాక్స్ లైబ్రరీ చాలు.

బొమ్మ పెట్టేటప్పుడు వెడల్పు ఒక్కటీ ఇవ్వండి, ఎత్తు నిష్పత్తి ప్రకారం అదే సరిపోతుంది. ఏమీ ఇవ్వకపోతే ఫొటోలో రాసున్న డీపీఐని (అంగుళానికి ఎన్ని పిక్సెళ్లో చెప్పే సంఖ్య) లైబ్రరీ నమ్ముతుంది: 72 డీపీఐ అని రాసున్న 4000 పిక్సెళ్ల ఫొటో 55 అంగుళాలై పేజీ దాటిపోతుంది. ఏ4లో అటూ ఇటూ 2.5 సెం.మీ. మార్జిన్ వదిలితే మిగిలేది 16 సెం.మీ. దానికి 200 డీపీఐ చొప్పున 1260 పిక్సెళ్లు సరిపోతాయి. ముందే పిల్లో (పైథాన్‌లో బొమ్మల పని చేసే లైబ్రరీ)తో కుదించండి, ఫైలూ తేలికవుతుంది. డిఫాల్ట్ పేజీ ఏ4 కాదు, అమెరికా లెటర్ సైజు, అదీ మార్చాలి. వెబ్‌పీ, ఎస్‌వీజీ ఈ లైబ్రరీ తీసుకోదు, పీఎన్‌జీ చేసుకోవాలి. ఫోన్ ఫొటోలు అడ్డం తిరగకుండా ఎగ్జిఫ్ (కెమెరా ఫొటోలోనే రాసిపెట్టే వివరాలు) చెప్పే దిశ ప్రకారం ముందే తిప్పి పెట్టాలి.

తెలుగు దగ్గరే అసలు తిప్పలు. ఫాంటు పేరు, సైజు, బోల్డ్ మామూలుగా సెట్ చేస్తే ఇంగ్లిష్ అక్షరాలే మారతాయి. వర్డ్ దృష్టిలో తెలుగు కాంప్లెక్స్ స్క్రిప్ట్. అలాంటి లిపుల కోసం ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో ఫాంటుకు ఆర్‌ఫాంట్స్ (rFonts) ట్యాగులో 'సీఎస్' (cs), సైజుకు 'ఎస్‌జడ్‌సీఎస్' (szCs), బోల్డ్‌కు 'బీసీఎస్' (bCs) వేరుగా రాయాలి. సైజు అర పాయింట్లలో ఉంటుంది కాబట్టి 12 పాయింట్లకు 24. హెడింగ్ స్టైళ్లలో థీమ్ ఫాంటును చూపే 'సీఎస్‌థీమ్' (cstheme) కూడా ఉంటే మీరిచ్చిన ఫాంటును పక్కన పెట్టేస్తుంది, దాన్ని తీసేయండి. ఇవన్నీ ఒక్కో పేరాకు కాకుండా స్టైల్లోనే పెట్టాలి. లేకపోతే అవతలివాళ్లు కొత్త పేరా టైప్ చేయగానే ఫాంటు మారిపోతుంది, ఎడిట్ చేసుకోమని ఇచ్చిన ఫైలుకు అర్థమే ఉండదు.

డౌన్‌లోడ్‌కి బైట్స్‌ఐవో (మెమరీలోనే ఉండే ఫైలు)లో సేవ్ చేసి, ఫ్లాస్క్ (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్)కి ఇచ్చే ముందు సీక్ సున్నా చేయండి, అంటే చదవడం మొదటి నుంచి మొదలయ్యేలా seek(0) పిలవండి. మరిస్తే ఖాళీ ఫైలు దిగుతుంది, లేదా డౌన్‌లోడే విఫలమవుతుంది.