మిలట్రీ బాబాయికి చెప్పిన కథలు

యుద్ధ కథల్లో యుద్ధం జరిగే పేజీలు నాకు పెద్దగా గుర్తుండవు. కాల్పులు, కందకాలు, బాంబులు ఒక పుస్తకంలోవి ఇంకో పుస్తకంలో కలిసిపోతాయి. కాల్పులు ఆగాక వచ్చే పేజీలు మాత్రం ఏళ్ళు గడిచినా వదలవు.

మొదటి ప్రపంచ యుద్ధం మీద జర్మన్ రచయిత రెమార్క్ రాసిన నవల 'ఆల్ క్వయిట్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్' పుస్తకంగా 1929లో వచ్చింది. నేను డిగ్రీలో ఉండగా చదివాను. అందులో పాల్ అనే జర్మన్ కుర్రాడు సెలవు మీద ఇంటికొస్తాడు. అతని క్లాస్‌మేట్ కెమెరిక్ కాలు తీసేశాక ఆసుపత్రి మంచం మీద, పాల్ పక్కన ఉండగానే పోయాడు. ఏడుస్తూ, నెమ్మదిగా పోయాడు. ఆ కుర్రాడి తల్లిని చూడ్డానికి వెళ్ళిన పాల్ మాత్రం, దెబ్బ తగలగానే పోయాడని, నొప్పి తెలియలేదని చెప్తాడు. ఆవిడ నమ్మదు, ఒట్టు వెయ్యమంటుంది. అబద్ధమైతే నేను తిరిగి రాకుండా పోతానని పాల్ ఒట్టు వేస్తాడు. నవల చివర, 1918 అక్టోబరులో అతనూ పోతాడు. ఒట్టుకీ చావుకీ రచయిత ఎక్కడా ముడి పెట్టలేదు. చదివేవాళ్ళమే పెట్టుకుంటాం.

ఈ ఘట్టం మా బాబాయికి చెప్తుంటే మధ్యలో చెయ్యెత్తి ఆపాడు.

బాబాయి అంటే మా నాన్న తమ్ముడు. అత్తిలి దగ్గర మా ఊళ్ళో అందరికీ 'మిలట్రీ గారు'. మా జిల్లాకి మిలట్రీ కొత్త కాదు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని 'మిలట్రీ మాధవరం' అనే అంటారు, రెండు ప్రపంచ యుద్ధాలకీ అక్కడి నుంచి మనుషులు వెళ్ళారు. మా ఊరి నుంచి మాత్రం బాబాయి ఒక్కడే. 1987లో మన ప్రభుత్వం పంపిన శాంతిసేనతో శ్రీలంక వెళ్ళాడు. అక్కడ సుమారు 1,200 మంది మన సైనికులు చనిపోయారు. 1990 మార్చిలో చివరి దళాలు మద్రాసులో ఓడ దిగితే స్వాగతానికి తమిళనాడు ముఖ్యమంత్రి రాలేదు. ఇక మా ఊళ్ళో బాబాయిని అడిగినవి రెండే ప్రశ్నలు: క్యాంటీన్ సరుకు తెచ్చావా, ఎంతమందిని కాల్చావు?

"అక్కడ అచ్చం మన వైపులాగే ఉంటుందమ్మా. తాడిచెట్లు, కొబ్బరిచెట్లు, వాకిట్లో ముగ్గులు. మన ఊళ్ళోనే తుపాకీ పట్టుకుని తిరుగుతున్నట్టు ఉండేది" అని ఎప్పుడో ఒకసారి అన్నాడు. అంతకుమించి శ్రీలంక గురించి మాట్లాడేవాడు కాదు.

ఆ రోజు మాట్లాడాడు. వాళ్ళ సెక్షన్‌లో శ్రీకాకుళం వైపు కుర్రాడు ఒకడు పోయాడట. టెలిగ్రాం ముందే వెళ్ళిపోయింది. ఇంటికి తెలుగులో ఒక ఉత్తరం రాయమని సుబేదార్ బాబాయికి అప్పజెప్పాడు. ఇన్‌లాండ్ లెటర్ మీద "బాధ పడకుండా పోయాడు" అని రాశాడు. నిజం అది కాదు. ఎంతసేపు బాధ పడ్డాడో బాబాయి చెప్పలేదు, నేను అడగలేదు. కొన్నాళ్ళకి ఆ తల్లి ఎవరి చేతో రాయించిన జవాబు వచ్చింది. అందులో ఒకే ప్రశ్న: ఆ పొద్దు అన్నం తిన్నాడా? తిన్నాడని బాబాయి తిరిగి రాశాడు. ఈ సంగతి అప్పటిదాకా పిన్నికి కూడా చెప్పలేదట. నేను బ్లాగులో రాసుకోవచ్చా అంటే, రాసుకో, పేర్లు వద్దు అన్నాడు.

ఇన్నేళ్ళూ నేరుగా అడిగితే రాని మాట, ఎక్కడో జర్మనీ కుర్రాడి అబద్ధం గురించి చెప్తే వచ్చింది. కథలు ఎందుకు చదవాలని ఎవరైనా అడిగితే ఇకమీదట నేను చెప్పబోయేది ఇదే.

సైనికుడి మనసులో బరువంటే చావు భయం అనుకుంటారు చాలామంది. నేను చదివిన మంచి యుద్ధ కథల్లో భయం తొందరగానే వచ్చి పోతుంది. పోనిది 'నా వల్లే పోయాడు' అన్న మాట. దీన్ని అమెరికన్ రచయిత టిమ్ ఓబ్రయన్ రాసినంత బాగా ఇంకెవరూ రాయలేదని నా నమ్మకం. ఆయన స్వయంగా వియత్నాం యుద్ధంలో సైనికుడిగా పనిచేశాడు. 1990లో వచ్చిన ఆయన కల్పిత కథల పుస్తకం 'ది థింగ్స్ దే క్యారీడ్' మొదటి కథలో సైనికులు మోసిన వస్తువులకి తూకాలు కూడా ఉంటాయి. రేడియో 26 పౌండ్లు, జిమ్మీ క్రాస్ అనే లెఫ్టినెంట్ దాచుకున్న ఒక అమ్మాయి ఉత్తరాలు 10 ఔన్సులు. ఇలా తూస్తూ తూస్తూ పోయి, తూకం వెయ్యలేనివాటి దగ్గరికి తీసుకెళ్తాడు.

అదే పుస్తకంలో ఇంకోచోట నది పక్కన పొలంలో ఒక రాత్రి ఉంటుంది. వాన. ఏరు పొంగుతోంది. దళం అక్కడ మకాం వేస్తుంటే ఊరి ముసలమ్మలు పరిగెత్తుకొచ్చి, ఇక్కడ వద్దు, ఇది మంచి చోటు కాదని అరుస్తారు. లెఫ్టినెంట్ గాలిలోకి కాల్చి వాళ్ళని తరిమేస్తాడు. తీరా చూస్తే అది ఊరంతా దొడ్డికి వెళ్ళే చోటు. అర్ధరాత్రి మోర్టార్లు పడతాయి, కయోవా అనే కుర్రాడు ఆ బురదలో దిగబడిపోతాడు. అతని బూటు పట్టుకుని లాగిన నార్మన్ బౌకర్ ఆ కంపు భరించలేక, తనూ దిగిపోతూ, వదిలేస్తాడు.

డెల్టాలో పుట్టినవాళ్ళకి ఈ కథ వివరించి చెప్పక్కర్లేదు. దమ్ము చేసిన చేలో దిగితే ముందు మడమ పోతుంది, తర్వాత పిక్క. రెండో కాలు ఎత్తబోతే మొదటిది ఇంకాస్త లోపలికి జారుతుంది. బలం పెట్టి లాగితే రాదు. మడమని పక్కకి తిప్పి కాస్త గాలి చొరనిస్తే అప్పుడు వదులుతుంది. ఊడ్పులకి వెళ్ళే ఆడవాళ్ళు ఇది ఆలోచించకుండానే చేస్తారు. ఏ పొలం చెక్క పల్లం, ఎక్కడ నీరు నిలుస్తుంది, ఎక్కడ ఊబి అన్నది వాళ్ళకి తెలిసినంత ఎవరికీ తెలీదు. అందుకే ఆ వియత్నాం ముసలమ్మలు నాకు కథలో పాత్రల్లా కాదు, ఎరిగున్న మనుషుల్లా కనిపించారు.

ఆ చావుకి కారణం ఎవరు? అక్కడ మకాం పెట్టించినందుకు నేనే అంటాడు లెఫ్టినెంట్. తన ప్రేయసి ఫోటో కయోవాకి చూపించాలని చీకట్లో టార్చి వేసిన ఇంకో కుర్రాడు, నేనే అనుకుంటాడు. బూటు వదిలేసిన బౌకర్, నేనే అనుకుంటాడు. ముగ్గురూ ఒకే చావుని ఎవరి మటుకు వాళ్ళు పూర్తిగా మోస్తారు. పంచుకుంటే తగ్గేది కాదు అది. బౌకర్ ఊరికి తిరిగొచ్చాక తండ్రి కారు వేసుకుని చెరువు చుట్టూ తిరుగుతూనే ఉంటాడు, చెప్పుకోవడానికి మనిషి దొరకక. తర్వాతి అధ్యాయంలో అతను ఉరేసుకున్నాడని తెలుస్తుంది.

బాబాయికి ఒక అలవాటుంది. అంతర్వేది తీర్థానికి వెళ్తూ నరసాపురం రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కేటప్పుడు మమ్మల్ని లెక్కపెడతాడు. సఖినేటిపల్లిలో దిగాక మళ్ళీ. పక్కింటివాళ్ళు మాతో వస్తే వాళ్ళనీ కలిపి. లెక్క కుదిరేదాకా రేవు నుంచి కదలడు. ఇంట్లో దాన్ని చాదస్తం అంటారు.

ఈ బరువు మన సాహిత్యంలో లేనిది కాదు. నన్నయ రాజమహేంద్రవరంలో మొదలుపెట్టిన భారతాన్ని తిక్కన యుద్ధం దాటించి స్త్రీపర్వంలోకి, శాంతిపర్వంలోకి తీసుకెళ్ళాడు. చంపించిన కర్ణుడు తన అన్నే అని గెలిచాక తెలిసిన ధర్మరాజు, రాజ్యం వద్దు, అడవికి పోతానంటాడు. మా ఊరి హరికథల్లో నేను అభిమన్యుడి దాకా విన్నాను, స్త్రీపర్వం ఒక్కరూ చెప్పలేదు. మన సినిమాలూ అంతే, జెండా కప్పిన పెట్టె దగ్గర ఆగిపోతాయి. బతికొచ్చినవాడి గురించి రాయాలి. మాధవరంలో టెలిగ్రాం కోసం కాకుండా మనిషి కోసమే చూసి, ఆ మనిషి వచ్చాక అతనితో ఏం మాట్లాడాలో తెలియని ఆడవాళ్ళ గురించి రాయాలి. ఆ నవల తెలుగులో చదవాలని నాకు చాలా ఆశ.

పొలం కథ మొన్న అరుగు మీద కూర్చుని బాబాయికి చెప్పాను. అంతా విని, "ఆ ఆఫీసరు మెరక చూసుకోలేదా?" అన్నాడు.

పైనుంచి ఆర్డరు బాబాయ్ అన్నాను.

"అయితే ఏమైంది? మెరక మీదకి పోయి, వైర్‌లెస్‌లో ఇక్కడే ఉన్నామని చెప్పేస్తే సరి. ఆ వానలో ఎవడొచ్చి చూస్తాడు?"

నేను పుస్తకం తెరిచి ఆ చోటు వెతికాను. తెల్లారాక బురదలో నిలబడి జిమ్మీ క్రాస్ తనని తాను తిట్టుకుంటూ అనుకునేది సరిగ్గా ఇదే: ఎత్తుకి మార్చేసి, రేడియోలో తప్పుడు చోటు చెప్పాల్సింది అని. బాబాయికి ఇంగ్లీషు అంతగా రాదు. కళ్ళజోడు తెచ్చుకుని, ఆ వరుస కింద వేలు పెట్టి, రెండుసార్లు చదివించుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే ఫోను. "అమ్మాయ్, ఆ కుర్రాడి నాన్నకి ఉత్తరం రాశాడా మరి ఆ ఆఫీసరు?"

కథలో ఆ ఉత్తరం లెఫ్టినెంట్ తలలోనే రకరకాలుగా మారుతుంది, కాగితం మీద పెట్టినట్టు ఉండదు. అదే చెప్పాను. బాబాయికి కోపం వచ్చింది. రాసి తీరాలన్నాడు. మొదటి వరసలోనే కుర్రాడి పేరు రావాలట, ఊరికే 'మీ అబ్బాయి' అనకూడదట. వాడు ఏం తినేవాడో, ఎవరితో తిరిగేవాడో రాయాలట, ఆ ఇంటివాళ్ళకి కావల్సింది అదేనట. స్పీకర్ పెట్టుకున్నట్టున్నాడు, వెనక నుంచి పిన్ని గొంతు వినిపించింది, "ఏ ఉత్తరం?" అని.

"మళ్ళీ చేస్తానమ్మా. మీ పిన్నికి చెప్పాలి" అని పెట్టేశాడు.