లింకన్ రాయని ఉత్తరం, రాసిన ఉత్తరం

సెప్టెంబరు 5 దగ్గర పడితే చాలు, ఒంగోలు నుంచి ఆత్మకూరు దాకా బడుల వాట్సాప్ గ్రూపుల్లో 'కొడుకు టీచరుకు లింకన్ రాసిన ఉత్తరం' తిరుగుతుంది. కొన్నిచోట్ల ఫ్రేము కట్టించి స్టాఫ్ రూములో తగిలిస్తారు కూడా.

అది లింకన్ రాసింది కాదు. ఆయన రాతలూ ప్రసంగాలూ ఎనిమిది సంపుటాలుగా అచ్చయ్యాయి, వాటిలో అది లేదు. పైగా అధ్యక్షుడయ్యేనాటికి పెద్దకొడుకు రాబర్ట్ హార్వర్డ్‌లో ఉన్నాడు. మరో కొడుకు విల్లీ 1862 ఫిబ్రవరి 20న పోయాడు. వైట్‌హౌస్‌లో చిన్నకొడుకు టాడ్‌కు ఇంటికొచ్చే ట్యూటర్లే చదువు చెప్పారు.

ఆ ఫ్రేములో పెట్టదగ్గ ఉత్తరం వేరే ఉంది. 1864 ఏప్రిల్ 4న కెంటకీ పత్రికా సంపాదకుడు ఆల్బర్ట్ హాడ్జెస్‌కు రాసినది. బానిసత్వం తప్పు కాకపోతే ఇక తప్పన్నదే లేదంటాడు అందులో. ఆ వెంటనే, నేనలా నమ్ముతున్నాను గదా అని అధ్యక్ష పదవిని అడ్డు పెట్టుకొని దాన్ని అమలు చేసే హక్కు మాత్రం నాకు లేదంటాడు. ఈ రెండు మాటలూ కలిపి చదివితేగానీ, బానిసలకు స్వేచ్ఛ ఇస్తూ లింకన్ వెలువరించిన విమోచన ప్రకటన అర్థం కాదు.

వక్తృత్వ పోటీల్లో పిల్లలు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. 'ఒక్క సంతకంతో బానిసత్వం పోయింది' అంటారు. అప్పటికి బానిసత్వాన్ని వదలని దక్షిణాది రాష్ట్రాలు దేశం నుంచి విడిపోతామని తిరగబడి, అంతర్యుద్ధం నడుస్తోంది. 1863 జనవరి 1నాటి ఆ ప్రకటన సర్వసైన్యాధ్యక్షుడి హోదాలో, యుద్ధావసరం కింద ఇచ్చింది. కాబట్టి తిరుగుబాటు ప్రాంతాలకే వర్తించింది. యూనియన్‌తో, అంటే లింకన్ ప్రభుత్వం పక్షాన ఉన్న డెలావేర్, మేరీలాండ్, కెంటకీ, మిస్సోరీల్లో బానిసలు బానిసలుగానే ఉండిపోయారు. టెన్నెసీనీ, లూసియానాలో 13 పారిష్‌లనూ వదిలేశారు. (పారిష్ అనగానే మనకు చర్చి గుర్తొస్తుంది, అక్కడ అది పరిపాలనా విభాగం.) మిగతాచోట్ల యూనియన్ సైన్యం ఎంతవరకు వెళితే అంతవరకే ఆ కాగితం చెల్లింది. టెక్సస్‌లోని గాల్వెస్టన్‌లో దాన్ని అమలు చేస్తూ ఉత్తర్వు వెలువడింది 1865 జూన్ 19న. అలాగని చిన్నచూపు చూడకూడదు. నల్లజాతివారికి సైన్యం తలుపులు తెరిచింది అదే. దాదాపు 1,79,000 మంది చేరారు.

యుద్ధం ముగిశాక యుద్ధాధికారంతో ఇచ్చిన ప్రకటన కోర్టులో నిలుస్తుందా అన్న భయం లింకన్‌కు ఉండేది. అందుకే బానిసత్వాన్ని దేశమంతటా రద్దు చేసే 13వ రాజ్యాంగ సవరణ కోసం పట్టుబట్టాడు. హాడ్జెస్ ఉత్తరానికి నాలుగు రోజుల తర్వాత, 38–6 ఓట్లతో అది సెనేట్ దాటింది. జూన్‌లో ప్రతినిధుల సభలో వీగిపోయింది. 1865 జనవరి 31న మళ్లీ పెడితే 119–56. మూడింట రెండొంతులకు 117 కావాలి, అంటే రెండు ఓట్లు మిగిలాయంతే.

ఏప్రిల్ 15న లింకన్ పోయాడు. డిసెంబరు 6న జార్జియా ఆమోదంతో, సవరణ చెల్లడానికి 36 రాష్ట్రాల్లో కావలసిన 27 పూర్తయ్యాయి. అమెరికన్ మిషనరీ క్లౌ దొర ఒంగోలులో మిషన్ పెట్టిన 1866కు ముందటేడు అన్నమాట. లింకన్ పుట్టిన రాష్ట్రమూ హాడ్జెస్ రాష్ట్రమూ అయిన కెంటకీలో మిగిలిన బానిసలకు చట్టప్రకారం విముక్తి దొరికింది అప్పుడే.