కిక్‌కి ట్రిగర్ పెట్టాను, ఇంట్లో బాగానే మోగింది

కిందటి డిసెంబర్‌లో తెనాలి దగ్గర ఒక ఊళ్ళో క్రిస్మస్ ప్రోగ్రాం, ఓపెన్ గ్రౌండ్, నాది అకౌస్టిక్ డ్రమ్ కిట్టు, ఎడమ పక్కనే బేస్ ఆంప్. రెండో పాట స్లో పాట. బేస్ వాయించే తమ్ముడు లావు తీగ మీద ఒక నోట్ లాగాడో లేదో నేను పెడల్ మీద కాలు కూడా వెయ్యకుండానే కిక్ (కాలితో తొక్కి వాయించే పెద్ద డ్రమ్) మోగింది. ఇంకో నోట్, ఇంకో కిక్. ఇంట్లో వారం రోజులు కూర్చుని సెట్ చేసుకున్న ట్రిగర్ అది (డ్రమ్ అదురుని పట్టి ఎలక్ట్రానిక్ సౌండ్ మోగించే సెన్సర్), ఒక్క దెబ్బ కూడా తప్పు పడలేదు అక్కడ. ఆ రాత్రి నుంచి ఈ పని నేను ఎలా చేస్తున్నానో రాద్దామనిపించింది, ఎందుకంటే మన దగ్గర దీని గురించి తెలుగులో చెప్పేవాళ్ళు తక్కువ.

మనవాళ్ళు చాలామంది ఆక్టోప్యాడ్‌తోనే (కర్రలతో కొట్టే ఎలక్ట్రానిక్ ప్యాడ్) పని కానిచ్చేస్తారు, అందులో తప్పేం లేదు, కానీ కాలితో నిజం కిక్ తొక్కుతుంటే వచ్చే ఊపు నాకు కావాలి. ఇబ్బంది ఏంటంటే ఊరూరికీ అద్దె కిట్టు, ఒకచోట హెడ్ (డ్రమ్ మీద కొట్టే పొర) చిరిగి ప్లాస్టర్ వేసి ఉంటది, ఇంకోచోట లోపల దుప్పటి కుక్కి ఉంటది, మైకు పెడితే కిక్ కంటే పక్కనున్న బేసే ఎక్కువ వినపడుద్ది. అందుకే ట్రిగర్.

ట్రిగర్ మైకు కాదు, ముందు ఇది బుర్రలో పెట్టుకోవాలి. లోపల చిన్న పియెజో బిళ్ళ ఉంటది, హెడ్ అదిరితే అది కాస్త వోల్టేజీ ఇస్తది, దానికి వైరుతో కలిపిన మాడ్యూల్ అనే చిన్న డబ్బా ఆ అదురు ఎంత గట్టిగా ఉందో చూసి దానికి తగ్గ వాల్యూంలో తన దగ్గరున్న కిక్ సౌండ్ వదులుద్ది. అంటే అది చెవి కాదు, చెయ్యి లాంటిది, అదురు ఎక్కడి నుంచి వచ్చిందో దానికి తెలీదు. బేస్ ఆంప్ అదిరించినా కాలే తొక్కిందనుకుంటది. ఇంట్లో బేస్ ఆంప్ లేదు, సబ్ వూఫర్లు లేవు, అందుకే అంతా బాగుంది.

నా దగ్గరున్నవి రోలాండ్ టీఎం-2 మాడ్యూల్, కిక్‌కి ఆర్‌టీ-30కే, స్నేర్‌కి ఆర్‌టీ-30హెచ్‌ఆర్. స్నేర్ (కర్రలతో కొట్టే, కరకరమనే చిన్న డ్రమ్) ట్రిగర్ హెడ్‌నీ రిమ్‌నీ (చుట్టూ ఉండే అంచు) విడివిడిగా పడుతుంది కాబట్టి దానికి స్టీరియో పిన్ను కేబుల్ కావాలి, మామూలు గిటార్ కేబుల్ పెడితే హెడ్ మోగుద్ది గానీ రిమ్ మోగదు. ట్రిగర్ పాడైందని కంగారు పడకండి, ముందు కేబుల్ చూడండి. ఇంకోటి, ట్రిగర్ నుంచి మాడ్యూల్‌కి వెళ్ళే వైరు పొట్టిగా ఉండాలి, రెండు మూడు మీటర్లు చాలు. మాడ్యూల్‌ని హైహ్యాట్ స్టాండ్ పక్కన పెట్టుకుని, దాని అవుట్‌పుట్ నుంచి డీఐ బాక్సులోకి (సిగ్నల్‌ని పొడుగు మైకు కేబుల్‌కి తగ్గట్టు మార్చే డబ్బా) ఇచ్చి, అక్కణ్ణుంచి సౌండ్ వాళ్ళ స్టేజ్ బాక్సుకి. నేను కిక్‌ని పూర్తిగా లెఫ్ట్‌కి, స్నేర్‌ని పూర్తిగా రైట్‌కి పాన్ చేస్తాను, అలా చేస్తే మిక్సర్ దగ్గరున్న అన్నకి రెండూ విడివిడి ఛానెళ్ళలో వస్తాయి, లేకపోతే కిక్ పెంచమంటే స్నేర్ కూడా పెరుగుద్ది.

ఇప్పుడు అసలు సంగతి, థ్రెషోల్డ్. ఎంత చిన్న అదురు దాకా పట్టించుకోవాలో చెప్పే సెట్టింగ్ ఇది. సౌండ్ చెక్‌లో నేను కాలు తీసేసి కూర్చుంటా, బేస్ తమ్ముణ్ణి ప్రోగ్రాంలో వాయించే వాల్యూంలోనే కింది నోట్లు వాయించమంటా, సబ్ వూఫర్లు కూడా పూర్తిగా లేపమంటా. మాడ్యూల్ మీద లైటు వెలిగినప్పుడల్లా థ్రెషోల్డ్ ఒక్కో అంకె పెంచుకుంటూ పోవడమే, లైటు వెలగడం ఆగేదాకా. తర్వాత మెల్లిగా తొక్కి చూడాలి, మెత్తటి దెబ్బ కూడా పోతే మరీ ఎక్కువైనట్టు, అప్పుడు ముందు బేస్ ఆంప్‌ని రెండడుగులు పక్కకి జరిపించి, ఆ తర్వాతే థ్రెషోల్డ్ తగ్గించండి. టామ్ (కర్రలతో కొట్టే ఇంకో డ్రమ్) గనక కిక్ మీదే బిగించి ఉంటే దాన్ని కొట్టినప్పుడల్లా కిక్ అదురుద్ది, కుదిరితే దాన్ని వేరే స్టాండ్‌కి మార్చండి. ఒక డ్రమ్ అదురుకి ఇంకో ట్రిగర్ మోగకుండా ఆపే క్రాస్‌టాక్ అని సెట్టింగ్ ఉంది గానీ నేను దాన్ని ఆఖర్నే ముట్టుకుంటా.

ఒక్క దెబ్బకి రెండు మోగుతుంటే అది వేరే జబ్బు. హెడ్ ఇంకా ఊగుతుంటే మాడ్యూల్ ఇంకో దెబ్బ అనుకుంటది. ముందు హెడ్‌ని లోపల మెత్తగా ఏదైనా ఆనించి అదుపు చెయ్యండి, ఆ తర్వాతే మాస్క్ టైం (ఒక దెబ్బ తర్వాత ఎంతసేపు ఇంకో దెబ్బని పట్టించుకోకూడదో చెప్పే సెట్టింగ్) పెంచండి. ఎంత పెంచొచ్చు అంటే చిన్న లెక్క ఉంది, సెకనుకి 13 దెబ్బలు పడ్డా మధ్యలో దాదాపు 77 మిల్లీ సెకండ్లు ఉంటాయి, తీన్‌మార్‌లో కూడా మన కాలు అంతకంటే వేగంగా పోదు, కాబట్టి కిక్‌కి 40-50 మిల్లీ సెకండ్లు పెట్టుకున్నా నష్టం లేదు. స్నేర్‌కి మాత్రం అంత పెడితే ఫ్లామ్‌లో (రెండు కర్రలు దాదాపు ఒకేసారి పడే దెబ్బ) రెండో దెబ్బ పోతుంది.

ట్రిగర్ పెట్టామని కిక్ మైకు తీసెయ్యొద్దు, రెండూ కలిపి వాడండి. ఐతే దెబ్బని కొలవడానికే మాడ్యూల్ కొన్ని మిల్లీ సెకండ్లు తీసుకుంటది, ఆ తర్వాత సౌండ్ బయటికి వచ్చేసరికి ఇంకాస్త. 60 హెర్ట్జ్ అల ఒక చుట్టు తిరగడానికి 16.7 మిల్లీ సెకండ్లు, అంటే నాలుగు మిల్లీ సెకండ్ల తేడా వస్తే దాదాపు పావు చుట్టు తప్పినట్టే, కిక్‌లో కింది బరువు పల్చబడుద్ది. డిజిటల్ మిక్సర్ అయితే మైకు ఛానెల్‌కి ఆ కాస్త డిలే పెట్టమనండి, లేదంటే పోలారిటీ బటన్ (అలని తలకిందులు చేసేది) అటూ ఇటూ నొక్కి ఏది బరువుగా ఉంటే అది ఉంచమనండి.

హమ్ గురించి ఒక్క మాట. జనరేటర్ కరెంటు, లైటింగ్ వాళ్ళ డిమ్మర్లు, మనం బజార్లో కొన్న అడాప్టర్, మూడూ కలిస్తే గుయ్‌మంటది. టీఎం-2 నాలుగు ఏఏ బ్యాటరీల మీద కూడా నడుస్తుంది, బ్యాటరీ మీద పెట్టగానే హమ్ పోతే తప్పు అడాప్టర్ వైపే. పోకపోతే డీఐ బాక్సు మీద గ్రౌండ్ లిఫ్ట్ నొక్కండి. ప్లగ్గులో ఎర్త్ పిన్ను మాత్రం ఎవరు చెప్పినా పీకొద్దు, వర్షం పడ్డ గ్రౌండ్‌లో అది ప్రాణం మీదకి వస్తుంది.

స్నేర్ విషయంలో నా అభిప్రాయం గట్టిది. దాన్ని పూర్తిగా శాంపిల్‌తో (మాడ్యూల్‌లో ఉన్న రికార్డు సౌండ్) మార్చకండి. పాట మధ్యలో మెల్లిగా పడే ఘోస్ట్ నోట్లు ట్రిగర్‌కి సరిగ్గా అందవు, అవి లేకపోతే ఆ పాట నడకే పోతుంది. మైకునే ముందుంచి కింద కాస్త శాంపిల్ కలుపుతా, అంతే.

ఇప్పుడు టామ్స్‌కి ఇంకోటి చేసి చూస్తున్నా, మాడ్యూల్ లేకుండానే. ట్రిగర్‌ని డీఐ ద్వారా మిక్సర్లో ఒక ఛానెల్‌కి ఇచ్చి, దాన్ని మెయిన్ స్పీకర్లకి పంపకుండా, టామ్ మైకు గేట్‌కి (దెబ్బ లేనప్పుడు మైకుని మూసి ఉంచే సెట్టింగ్) కీగా, అంటే తెరవమని చెప్పే సిగ్నల్‌గా పెట్టించడం. ఎక్స్32 లాంటి మిక్సర్లో గేట్ దేన్ని చూసి తెరుచుకోవాలో మనమే ఎంచుకోవచ్చు. సింబల్ (ఇత్తడి పళ్ళెం) ఎంత గట్టిగా కొట్టినా గేట్ తెరుచుకోదు, టామ్ మీద కర్ర పడితేనే తెరుచుకుంటది, వినపడేది మాత్రం ఆ టామ్ సొంత గొంతే. ఫ్లోర్ టామ్ ఒక్కదానికే చేశాం ఇప్పటిదాకా, మిగతా రెంటికి ట్రిగర్లు కొనాలి.