పేరొకటే, లోపల వేరు

నిన్న మూడు లాంతర్ల దగ్గర షాపులో అరగంట నిలబడిపోయాను. ఎదురుగా కంప్యూటర్‌కి కరెంటందించే పవర్ సప్లైలు, కోర్సెయిర్ కంపెనీ ఆర్‌ఎం750ఎక్స్ డబ్బాలు రెండు. పేరొకటే, వాట్లొకటే. ఒకటి 2018 మోడల్, ఇంకోటి 2021ది. "రెండూ ఒకటే కదేటి బావూ, చవకది పట్టుకుపో" అన్నాడు షాపాయన.

ఫోన్లో చూస్తే పాతదానికి 135 మి.మీ. ఫ్యాను, కొత్తదానికి 140, అదీ మాగ్నెటిక్ లెవిటేషన్ బేరింగుది, అంటే అయస్కాంత బలంతో తేలుతూ తిరిగేది. గ్రాఫిక్స్ కార్డు ఒక్కసారిగా కరెంటు లాగితే రెట్టింపు లోడు 100 మైక్రోసెకన్లు తట్టుకోవాలన్న ఏటీఎక్స్ 3.0 (పవర్ సప్లైల ప్రమాణం) నియమం 2022లో వచ్చింది, రెండూ అంతకు ముందువే. నా ముసలి గ్రాఫిక్స్ కార్డుకి అదెందుకులెండి. చప్పుడు తక్కువని కొత్తదే తెచ్చాను.

ఇంటికొచ్చాక, అంతవరకూ నా కంప్యూటర్లో ఉన్న పాత సప్లై కేబుళ్లే తగిలించేశాను. ఆ పాత సప్లై వేరే కంపెనీది. ప్లగ్గు పట్టినా లోపల పిన్నుల వరస వేరుగా ఉంటుందని సమయానికి గుర్తొచ్చింది, లేకపోతే హార్డ్‌డిస్కు కాలిపోయేది. మళ్లీ మొత్తం విప్పాను.