పోడియం ఎక్కేముందు విప్పి పెట్టాల్సినవి

2022 డిసెంబరులో ఫార్ములా వన్ లాంటి కారు రేసులకు నియమాలు పెట్టే ప్రపంచ సంస్థ ఎఫ్‌ఐఏ తన అంతర్జాతీయ క్రీడా నియమావళిలో 12.2.1.ఎన్ అనే చిన్న క్లాజు చేర్చింది. ముందుగా రాతపూర్వక అనుమతి ఉంటే తప్ప పోటీదారులు రాజకీయ, మత, వ్యక్తిగత అభిప్రాయాలు చాటకూడదు, ప్రదర్శించకూడదు అన్నది దాని సారం. కారణంగా చూపింది సంస్థ తటస్థత.

కారు నడిపే మనిషి నుంచి ఈ మూడూ తీసేస్తే మిగిలేది ల్యాప్ టైమ్, అంటే ఒక చుట్టుకు పట్టిన సమయం, ఒక్కటే. ల్యాప్ టైమ్ కోసమే అయితే ఆదివారం రెండు గంటలు టీవీ ముందు కూర్చోనక్కర్లేదు, మర్నాడు పేపర్లో ఫలితం చూసుకుంటే సరిపోతుంది.

నా అభ్యంతరం అంతకంటే పెద్దది. ఈ ఆటలో కొలవనిది లేదు. 2025లో ఫార్ములా వన్ కారు ఇంధనం లేకుండా, డ్రైవర్‌తో కలిపి కనీసం 800 కిలోలు తూగాలి. కారు అడుగున బిగించే పలక 10 మిల్లీమీటర్ల మందం ఉంటుంది, అరిగి 9 కంటే తగ్గితే అనర్హతే. ఆ ఏడాది చైనా రేసు తర్వాత డ్రైవర్ లూయిస్ హామిల్టన్ కారు పలక ఒక పక్కన 8.5 దగ్గర తేలింది. అర మిల్లీమీటరుకు ఆరో స్థానం పోయింది. ఎవరూ వాదించలేదు, ఎందుకంటే మైక్రోమీటరు అందరికీ ఒకే అంకె చూపిస్తుంది. 12.2.1.ఎన్‌కు అలాంటి పరికరం లేదు. ఏది రాజకీయం, ఏది కేవలం మానవత్వం అన్నది ఆ వారం ఎవరు అడిగారు, ఎవరు విన్నారు అన్నదాన్ని బట్టి తేలుతుంది.

ఈ తేడా ఒక్క రోజులోనే కళ్లకు కట్టిన సందర్భం 2021 ఆగస్టు 1, హంగరీ. రేసుకు ముందు, కార్లు బయల్దేరే గ్రిడ్ మీద సమానత్వం కోసం డ్రైవర్లంతా టీషర్టులతో నిలబడే కార్యక్రమం అప్పట్లో ఉండేది. అది అయ్యాక టీషర్టు తీసేసి, రేసింగ్ సూట్‌తో జాతీయ గీతానికి నిలబడాలన్నది రేస్ డైరెక్టర్ ఆదేశం. సెబాస్టియన్ వెటెల్ ఇంద్రధనుస్సు రంగుల టీషర్టు తీయకుండానే నిలబడ్డాడు. స్వలింగ సంపర్కుల గురించి పిల్లలకు చెప్పడాన్ని కట్టడి చేస్తూ హంగరీ ప్రభుత్వం తెచ్చిన చట్టానికి అది నిరసన. రేసు తీర్పరులైన స్టీవార్డులు మందలించారు. అదే కారణంతో సైన్స్, బొటాస్, స్ట్రోల్‌లనూ మందలించారు, వాళ్లు వేసుకున్నవి అధికారిక కార్యక్రమం టీషర్టులే అయినా. తప్పు టీషర్టు మీది రాతలో లేదు, తీయాల్సిన సమయంలో తీయకపోవడంలో ఉంది. ఆ సాయంత్రమే వెటెల్ రెండో స్థానమూ పోయింది. తనిఖీకి కారులోంచి లీటరు ఇంధనం తీసి ఇవ్వగలగాలి, బయటికి వచ్చింది 0.3 లీటరు. రెండో శిక్ష మీద జట్టు సమీక్ష కోరినా అంకె మారలేదు. మొదటిదాని మీద ఈనాటికీ వాదన నడుస్తూనే ఉంది.

దానికి ముందు ఏడాది ఇటలీలోని ముజెల్లో ట్రాక్‌లో పోడియం మీద, అంటే విజేతల వేదిక మీద, హామిల్టన్ నల్ల టీషర్టుతో నిలబడ్డాడు. బ్రియానా టేలర్‌ను చంపిన పోలీసులను అరెస్టు చేయండి అని, అమెరికాలో పోలీసు కాల్పుల్లో చనిపోయిన ఆ నల్లజాతి మహిళ గురించి దాని మీద రాసి ఉంది. తర్వాతి రేసుల నుంచి పోడియం మీద, ఇంటర్వ్యూల్లో సూట్ జిప్ మెడ దాకా మూసి ఉండాలన్న ఆదేశం వచ్చింది. తర్వాత వచ్చిన క్లాజుకు మూలం నాకు ఈ జిప్‌లోనే కనిపిస్తుంది.

డ్రైవర్లు గట్టిగా అడిగాక 2023 ఫిబ్రవరిలో ఎఫ్‌ఐఏ వివరణ ఇచ్చింది. సొంత సోషల్ మీడియాలో ఏమైనా రాసుకోవచ్చు. విలేకరి నేరుగా అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పవచ్చు. ట్రాక్ మీద, పరేడ్‌లో, జాతీయ గీతం సమయంలో, పోడియం మీద మాత్రం కుదరదు. ఆకాశం వైపు వేలు చూపడం, శిలువ గుర్తు వేసుకోవడం లాంటివి మత ప్రకటన కిందికి రావు. అనుమతి కావాలంటే ఈవెంటుకు కనీసం నాలుగు వారాల ముందు దరఖాస్తు పెట్టాలి, ఆలస్యంగా వచ్చినవి అసాధారణ సందర్భాల్లోనే చూస్తారు. ఇక 2025 జనవరిలో జరిమానాల పట్టిక వచ్చింది. ఫార్ములా వన్‌లో మొదటి తప్పుకు 40,000 యూరోలు. విమర్శలు వెల్లువెత్తాక మేలో దాన్ని సగానికి తగ్గించారు.

సరే, డ్రైవర్ తటస్థంగా ఉండాలి. మరి క్యాలెండర్?

1985 అక్టోబరులో వర్ణవివక్ష పాలనలోని దక్షిణాఫ్రికాలో అత్యవసర పరిస్థితి నడుస్తుండగా క్యాలమిలో రేసు జరిపారు. ఫ్రాన్స్ ప్రభుత్వం ఒత్తిడితో రెనో, లిజియే జట్లు వెళ్లలేదు, మిగతావాళ్లు వెళ్లారు. తర్వాత 1992 దాకా ఫార్ములా వన్ ఆ దేశం మొహం చూడలేదు. 2011లో బహ్రెయిన్ నిరసనల మధ్య మార్చి రేసు ఆగింది. జూన్‌లో ఎఫ్‌ఐఏ దాన్ని మళ్లీ అక్టోబరుకు పెట్టింది, జట్లు ఒప్పుకోక మళ్లీ తీసేసింది. 2012లో జరిపి తీరారు. ఆ వారం మన దేశపు జట్టు ఫోర్స్ ఇండియా సిబ్బంది ప్రయాణిస్తున్న అద్దె కారు పెట్రోలు బాంబుల గొడవలో చిక్కుకుంది. ఇద్దరు ఇంటికి వెళ్లిపోయారు. చీకటి పడకముందే హోటల్ చేరాలని శుక్రవారం రెండో ప్రాక్టీసును జట్టు వదులుకుంది. మర్నాడు, రేసులో బయల్దేరే వరుస తేల్చే క్వాలిఫయింగ్‌లో టీవీ కెమెరాలు ఆ కార్లను దాదాపుగా చూపించనే లేదు. ఆదివారం పాల్ డి రెస్టా ఆరో స్థానంలో వచ్చాడు. 2022 మార్చి 25న సౌదీలోని జెడ్డాలో ప్రాక్టీసు నడుస్తుండగానే దగ్గర్లోని అరామ్‌కో చమురు డిపో మీద యెమెన్ తిరుగుబాటుదారులైన హూతీల దాడి జరిగింది. పొగ ట్రాక్ నుంచి కనిపించింది. డ్రైవర్లు అర్ధరాత్రి దాటేదాకా కూర్చుని మాట్లాడుకున్నారు. ఆదివారం రేసు జరిగింది. అదే ఏడాది ఉక్రెయిన్ యుద్ధం మొదలైన రోజుల్లోనే రష్యాలోని సోచి రేసును తీసేశారు.

వీటిలో ఏ నిర్ణయం తప్పు, ఏది ఒప్పు అన్నది వేరే చర్చ. ఏదీ తటస్థం కాదన్నది మాత్రం స్పష్టం. ట్రాక్ ఎక్కడుండాలో నిర్ణయించేది ప్రభుత్వాలు చెల్లించే ఆతిథ్య రుసుము.

మన దగ్గరా అంతే. గ్రేటర్ నోయిడాలో బుద్ధ్ సర్క్యూట్ 5.125 కిలోమీటర్లది, 2011 నుంచి 2013 దాకా మూడు రేసులు, మూడూ వెటెలే గెలిచాడు. అది క్రీడ కాదు, వినోదం అన్న లెక్కన పన్ను పడింది, రేసు వెళ్లిపోయింది. హైదరాబాద్‌లో 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ పక్కన 2.83 కిలోమీటర్ల వీధి ట్రాక్ మీద విద్యుత్ కార్ల ఫార్ములా ఈ రేసు జరిగింది, జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. 2024 ఫిబ్రవరి 10 రేసు ప్రభుత్వం మారాక జనవరిలో రద్దయింది. నిర్వాహకులతో చేసుకున్న ఆతిథ్య ఒప్పందం, దాని కింద చెల్లించిన డబ్బు ఆ డిసెంబరులో ఏసీబీ కేసుగా మారాయి. మాజీ మంత్రి కేటీఆర్ పేరు అందులో ఉంది, ఆరోపణలను ఆయన ఖండించారు. తేల్చాల్సింది కోర్టు. రేసు అభిమానిగా నేను చెప్పేది ఒక్కటే. వీధి రేసు ఏ ఒక్క ప్రభుత్వపు ముచ్చటగానో మిగిలితే ఎన్నికలతోపాటే పోతుంది. ఒప్పందం, చెల్లింపు షెడ్యూలు, రోడ్లు మూసే తేదీలు మొదటి రోజునే జనం ముందు పెడితే దాన్ని ఎత్తేయడం ఏ పార్టీకైనా కష్టమవుతుంది.

మతం విషయంలో ఈ ఆట అంత మొండిగా లేదు, అందుకు సంతోషం. 2024లో రంజాన్ మార్చి 11 ప్రాంతంలో మొదలవుతుందని సౌదీ రేసును 9వ తేదీ శనివారానికి జరిపారు. రెండు రేసుల మధ్య కనీసం వారం ఉండాలి కాబట్టి బహ్రెయిన్ రేసూ మార్చి 2 శనివారానికి వచ్చింది. 2025లో రంజాన్ మార్చి అంతా ఉండటంతో సీజన్ ఆస్ట్రేలియాలో మొదలైంది, గల్ఫ్ రేసులు ఏప్రిల్‌కు వెళ్లాయి. ఆ సౌదీ రేసు ఈస్టర్ ఆదివారం నాడు పడింది. బహ్రెయిన్ పోడియం మీద షాంపేన్ బదులు గులాబీ నీటి పానీయం చల్లుకుంటారు. ఒక మతపు నెలకు ప్రపంచ క్యాలెండరే జరిగింది. గౌరవం ఉంటే నియమం ఎంతైనా వంగుతుంది.

మెడ గొలుసుల నియమం మాత్రం నేను మనస్ఫూర్తిగా సమర్థించేది. ఒంటికి పొడిపించుకున్న నగలు, లోహపు మెడ గొలుసులు పోటీలో నిషిద్ధమన్నది నియమావళి అనుబంధం ఎల్‌లో చాలాకాలంగా ఉంది. 2022లో గట్టిగా అమలు చేయబోతే హామిల్టన్ ఎదురు తిరిగాడు, తాను ఎప్పుడూ మతపరమైన వస్తువు ధరిస్తానని పియర్ గాస్లీ చెప్పాడు. అదే ఏడాది సింగపూర్‌లో స్వీయ తనిఖీ ఫారంలో నగల గురించి తప్పుగా నింపినందుకు హామిల్టన్ జట్టు మెర్సిడెస్‌కు 25,000 యూరోల జరిమానా పడింది. ఇక్కడ కారణాలు చేతికి అందుతాయి. మంటల్లో లోహం వేడెక్కి అగ్నిరక్షక దుస్తుల లోపల చర్మాన్ని కాలుస్తుంది. బయటికి లాగేటప్పుడు గొలుసు హెల్మెట్ పట్టీకి, తల కదలకుండా పట్టే హాన్స్ కాలరుకు చిక్కుకుంటుంది. ఆసుపత్రిలో స్కాన్‌కు ముందు దాన్ని కోసి తీయాలి.

శ్రీపెరుంబుదూరు, కోయంబత్తూరు ట్రాక్‌లకు వెళ్లే తెలుగు కుర్రాళ్లకు ఇది నేరుగా పనికొచ్చే సంగతి. వెండి మొలతాడు ఉంటే తీసేయండి, బెల్టు నడుము పట్టీ సరిగ్గా దాని మీదే బిగుస్తుంది, ఢీకొన్నప్పుడు లోపలికి దిగుతుంది. మెడలో తాయెత్తు, రుద్రాక్ష బెల్టు భుజం పట్టీలకీ రొమ్ముకీ మధ్య నలుగుతాయి. మణికట్టు దారం నైలాన్‌దైతే వేడికి కరిగి చర్మానికి అంటుకుంటుంది. కడియం గ్లవ్ అంచును పైకి నెడుతుంది, మంట దూరేది ఆ సందులోంచే. తీసినవి కారులో పెట్టకండి, పిట్‌లో ఉన్న మనిషి చేతికివ్వండి. డ్యాష్‌బోర్డు మీద వినాయకుడి బొమ్మ రెండు వైపులా అంటుకునే టేపుతో ఉంటే ఎండకు జిగురు మెత్తబడుతుంది. గట్టి కుదుపుకు ఊడి పెడల్ కిందికి దొర్లవచ్చు. అప్పుడు బ్రేకు పూర్తిగా దిగదు. ఫ్లోర్ మ్యాట్లు కూడా ఇందుకే తీసేయాలి. పూజ మానమని కాదు. తనిఖీకి ముందే, పార్కింగ్‌లో చేసుకోండి. టైరు కింద నిమ్మకాయలు తొక్కించాక తొక్కలు, కొట్టిన కొబ్బరి చిప్ప ముక్కలు ఊడ్చేయండి. ఆ ముక్క ఇంకొకరి టైరులో దిగవచ్చు.

2013 అక్టోబరు 27న బుద్ధ్‌లో నాలుగో టైటిల్ గెలిచిన వెటెల్ కారును గుండ్రంగా తిప్పి, దిగి, దాని ముందు మోకరిల్లి వంగి నమస్కరించాడు. ఆయుధ పూజ తెలిసిన వాళ్లకు దాన్ని ఎవరూ వివరించనక్కర్లేదు. నేరుగా తనిఖీ స్థలానికి వెళ్లనందుకు 25,000 యూరోల జరిమానా పడింది. అదీ న్యాయమే, అన్ని కార్లూ ఒకే స్థితిలో తూకానికి రావాలి.

ఇక మూడోది, వ్యక్తిగతం. 1994 ఏప్రిల్ 30న ఇటలీలోని ఇమోలా క్వాలిఫయింగ్‌లో ఆస్ట్రియా డ్రైవర్ రోలాండ్ రాట్జెన్‌బెర్గర్ చనిపోయాడు. ముందు ల్యాప్‌లో దెబ్బతిన్న ముందు రెక్క విరిగి కారు అదుపు తప్పింది. మర్నాడు ఏడో ల్యాప్‌లో తాంబురెల్లో మలుపు దగ్గర గోడను ఢీకొని బ్రెజిల్ డ్రైవర్ అయర్టన్ సెన్నా చనిపోయాడు. దేవుడి మీద తన నమ్మకం గురించి దాపరికం లేకుండా మాట్లాడిన మనిషి. ఆయన కారులో మడిచిన ఆస్ట్రియా జెండా దొరికింది, గెలిస్తే రాట్జెన్‌బెర్గర్ కోసం చూపించడానికి. శనివారం మరణం, ఆదివారం రేసు. ఆ జెండాకు నాలుగు వారాల ముందు దరఖాస్తు ఎవరు పెట్టగలరు? 2019లో బెల్జియంలోని స్పాలో శనివారం యువ డ్రైవర్ ఆంత్వాన్ హ్యుబేర్ చనిపోతే మర్నాడు అతని నంబరును తలచుకుంటూ 19వ ల్యాప్‌లో జనం లేచి చప్పట్లు కొట్టారు. చిన్ననాటి స్నేహితుడు షార్ల్ లెక్లెర్ తొలి విజయం గెలిచి ఆకాశం వైపు వేలు చూపాడు. ఆ వేలుకు ఇప్పుడు మినహాయింపు ఉంది. జెండాకు ఉందో లేదో వివరణ చదివితే తేలదు.

కాబట్టి అడగాల్సినవి రెండు. ప్రాణనష్టం జరిగిన వారాంతంలో సంతాప చిహ్నాలకు ముందస్తు అనుమతి అక్కర్లేదని క్లాజులోనే రాయాలి. మిగతా దరఖాస్తుల్లో దేన్ని ఒప్పుకున్నా, కాదన్నా స్టీవార్డుల పత్రాల్లాగే బయట పెట్టాలి. ఆ పత్రాల్లో కారు నంబరు, సమయం, జరిగింది, ఏ నియమం, నిర్ణయం, కారణం అన్నీ వరుసగా ఉంటాయి, రేసు రోజే ఎవరైనా చదవవచ్చు. టీషర్టుకు కూడా ఆ ఫారమే సరిపోతుంది.