తెర మీద నాలుగు రేకుల పువ్వు

మాది చీమకుర్తి పక్కన పల్లె, నాయన గ్రానైటు పాలిషింగ్ యూనిట్లో పనిచేసి చేసి మొన్నీమధ్యే మానుకున్నాడు. నేను జర్మనీలో సిలికాన్ కడ్డీలు కోసే చిన్న కంపెనీలో ఉన్నా. ఊళ్లో అందరూ సాఫ్ట్‌వేర్ అనుకుంటారు, కాదన్నా నమ్మరు, ఊరుకున్నా.

పనేందంటే కడ్డీ లోపల పరమాణువుల వరసలు ఎటున్నాయో కనుక్కొని ఆ లెక్కన కొయ్యాలి. ఎక్స్‌రే మిషనే కచ్చితం, కానీ దానికెప్పుడూ క్యూనే, అందుకని చిన్న ముక్కలకి మా సీనియర్ ముసలాయన పాత పద్ధతే వాడతాడు. కోసిన మొహాన్ని గరుకు పొడితో రుద్ది, వేడి పొటాషియం హైడ్రాక్సైడ్‌లో కాసేపు ముంచుతాం. అది అన్ని దిక్కులా ఒకేలా తినదు, ఒక్కోవైపు ఒక్కో స్పీడు, దాంతో కంటికి ఆనని గుంటలు పడతాయి, అన్నీ ఒకే ఆకారం, అన్నీ ఒకేవైపు తిరిగి. ఉత్తగా చూస్తే ఆవిరి పట్టిన అద్దంలా ఉంటది అంతే. తెరకి చిన్న బొక్క పెట్టి అందులోంచి లేజర్ కొడితే మాత్రం వెలుతురు తిరిగొచ్చి తెర మీద పువ్వు పడతది. ఆ వరసలకి ఏ దిక్కున కోశామో దాన్నిబట్టి మొహానికి 100, 111, 110 అని నంబర్ల పేర్లుంటాయి. 100 మొహమైతే నాలుగు రేకులు, 111 అయితే మూడు, 110కి రెండు. మొదటిసారి చూసినప్పుడు నోరు తెరిచా.

పువ్వు నడిమధ్య బొక్క మీదే పడితే మొహం సరిగ్గా ఉన్నట్టు. ఒకసారి తెర అర మీటరు దూరంలో ఉంటే పువ్వు 35 మిల్లీమీటర్లు పక్కకి పడింది, లెక్కేస్తే 4 డిగ్రీలు వచ్చింది, 4 తిప్పి కోసేశా. అద్దం ఒక డిగ్రీ వంగితే వెలుతురు రెండు డిగ్రీలు తిరుగుద్దని ఇంటర్లో చదివిందే, ఆ పూట గుర్తుంటేగా! తప్పు 2 డిగ్రీలే, నేను దాన్ని అటుపక్కకి ఇంకో 2 తోశా. ముక్క చెత్తలోకి పోయింది. ముసలాయన ఏమీ అనలేదు, కాగితం మీద పెద్ద అక్షరాలతో సగం అని రాసి మిషన్‌కి అంటించాడు, అదింకా ఊడలా.

వీడియో కాల్లో నాయనకి చెప్తే నవ్వాడు. మా చీమకుర్తి నల్ల గ్రానైటు, అదే గెలాక్సీ రాయిలో బంగారు చుక్కలు ఉంటాయే, బ్రాంజైట్ అనే ఖనిజం అది, స్లాబు కాస్త వంచితే కొన్ని ఆరిపోయి కొన్ని వెలుగుతాయి, అట్టా తిప్పి తిప్పి చూసేగా ఆయన కొనే పార్టీలకి చూపించింది.

"దానికి లేజరెందుకురా, నీళ్లు కొట్టి ఎండలో పెట్టు."

"ఎండ యాడుంది నాయనా, ఇక్కడ డిసెంబర్లో నాలుగింటికే చీకటి పడతది."