టీబీ మాత్రలు మింగుతూ ప్రభువు చిత్తం వెదికాను

ఒడిశాలోని గుణుపూర్‌లో మా ఇల్లు వంశధార ఏటికి దగ్గర్లోనే. చలికాలం పొద్దున్నే ఏటి మీంచి మంచు కమ్ముకొస్తే ఊళ్లో చాలామందికి దగ్గే. నాదీ అలాంటిదే అనుకున్నారు అందరూ. సాయంత్రమయ్యేసరికి సన్నగా జ్వరం, రాత్రి చెమటకు దిండు తడిసిపోవడం, జాకెట్లు వదులైపోవడం చూసి మా ఆయన పట్టుబట్టి ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లారు. కళ్లె పరీక్షలో టీబీ అని తేలింది. మందులు ఉచితం. ఆరు నెలలు ఒక్కపూట కూడా మానకూడదన్నారు.

నా బరువుకు రోజూ మూడు మాత్రలు. మొదటిరోజే మూత్రం నారింజ రంగులో వస్తే నెత్తురేమోనని హడలిపోయాను. రిఫాంపిసిన్ వేసుకుంటే అలాగే వస్తుందనీ, భయం లేదనీ ఆశా దీదీ ఒరియాలో నెమ్మదిగా చెప్పింది. వికారం మాత్రం చాలా బాధపెట్టింది. అన్నం ఉడుకుతున్న వాసనకే కడుపులో తిప్పేది.

రెండు నెలలయ్యేసరికి దగ్గు పోయింది, ఆకలి పుట్టింది. చిక్కు అక్కడే మొదలైంది. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో, కొత్త ఏడాదికి దేవుడిచ్చిన మాటగా ఒక్కో వచనమున్న వాగ్దాన కార్డులు తీస్తాం. నేను తీసినదాని మీద 118వ కీర్తన 17వ వచనం ఉంది: "నేను చావను సజీవుడనై యెహోవా క్రియలు వివరించెదను." అది గుర్తుచేసి మా పిన్నమ్మ అంది, "ప్రభువు మాటిచ్చాడు, బాగుచేశాడు. ఇంకా మాత్రలు మింగడం అవిశ్వాసం కాదటే అమ్మలూ?" నాకోసం శుక్రవారాలు పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా ఉపవాసమున్న మనిషి ఆవిడ. ఆ మాటను తేలిగ్గా తీసెయ్యలేకపోయాను.

మందు ఆపలేదు గానీ రోజూ మోకరించి అడిగాను: "ప్రభువా, నీ చిత్తమేంటి? ఆపనా, ఉంచనా?" స్వరమేమీ వినపడలేదు, కలా రాలేదు. కళ్లు మూసుకుని బైబిలు తెరిచి వేలు పడ్డ వచనాన్నే జవాబనుకునేవాళ్లు మా సంఘంలో ఉన్నారు. నాకది మనసొప్పలేదు. అధ్యాయాలకు అధ్యాయాలు కూర్చుని చదివాను. యూదా రాజు హిజ్కియా మరణకరమైన రోగంతో పడి ఏడ్చి ప్రార్థిస్తే దేవుడు ఆయన ఆయుష్షుకు 15 ఏళ్లు కలిపాడు. ఆ మాట తెచ్చిన యెషయా ప్రవక్తే అంజూరపు పండ్ల ముద్ద పుండుకు కట్టమన్నాడు. వాగ్దానం వచ్చింది కదా, కట్టు ఎందుకని అక్కడెవరూ అనలేదు. అపొస్తలుడైన పౌలంతటివాడు తన తోటివాడు త్రోఫిమును మిలేతు ఊళ్లో జబ్బుగానే విడిచి వచ్చానని రాశాడు. పౌలుకు విశ్వాసం తక్కువని ఎవరనగలరు?

నన్ను పట్టి నిలబెట్టింది మాత్రం మత్తయి నాలుగో అధ్యాయం. దేవాలయ శిఖరం మీద సాతాను యేసుకు చూపించింది కూడా వాగ్దానమే, 91వ కీర్తనలోది. దూకు, దూతలు పట్టుకుంటారన్నాడు. దేవుణ్ణి శోధించకూడదని ప్రభువు జవాబిచ్చాడు. సగంలో ఆపితే మిగిలిన క్రిములు మందుకు లొంగని రకంగా మారొచ్చని డాక్టరుగారు ముందే చెప్పారు. తెలిసి తెలిసీ ఆపడం ఆ శిఖరం మీంచి దూకడమేనని నాకు రూఢిగా అర్థమైంది. వాగ్దాన కార్డంటే నాకు చిన్నచూపు లేదు, ఇప్పటికీ నా బైబిల్లోనే ఉంది. ఆ వచనం పక్కన ఇంకా వచనాలున్నాయని మాత్రం గట్టిగా చెబుతాను. ఆ వెంటనే వచ్చే 18వ వచనంలోనే కఠినమైన శిక్ష మాట కూడా ఉంది.

అడగ్గా అడగ్గా నా ప్రార్థనే మారింది. "ఆపనా" అన్నది పోయి, "చివరిదాకా ఓపికివ్వు, ఆ తర్వాత నీ ఇష్టం" అన్నది వచ్చింది. మా సంఘం పాస్టరు అయ్యగారు బైబిల్లోని యాకోబు పత్రికలో ఉన్నట్టు సంఘ పెద్దలతో ఇంటికొచ్చి నూనె రాసి ప్రార్థించారు. ఆమెన్ అనగానే ఆయన అడిగిన మొదటి మాట, "ఇవాళ్టి మాత్రలు వేసుకున్నావా అమ్మా?" ఆరోజు కొండ మీది ఊరి నుంచి వచ్చిన ఒక సవర గిరిజన అమ్మ నా తలమీద చెయ్యుంచి తన భాషలో చాలాసేపు ప్రార్థించింది. యేసు పేరు తప్ప నాకేమీ అర్థం కాలేదు గానీ ఆ అరచేతి గరుకుదనం ఇంకా తెలుస్తూనే ఉంది.

కోర్సు పూర్తయ్యాక కళ్లెలో క్రిమి లేదన్నారు. ఆదివారం సాక్ష్యంలో మాత్రల సంగతీ, వాక్యం సంగతీ కలిపే చెప్పాను. ఆరాధన అయ్యాక పిన్నమ్మ నా చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్లింది. బాబాయికి కొన్ని వారాలుగా దగ్గు తగ్గడం లేదట. అక్కడే బల్ల మీద కూర్చుని ఇద్దరం ప్రార్థన చేశాం. సోమవారం పొద్దున్నే ముగ్గురం కళ్లె పరీక్షకు వెళ్లాం.